నేరేడు గుర్తుపట్టని నడక

ఊరు,
కొట్టం పక్క గది

పట్నం వదినకి,

క్షేమంగా చేరాను. బస్సులో రెండు సీట్లు ఆక్రమించి కాలు చాపుకుని కూర్చున్నా ఎవరూ ఏమీ అనలేదు. పక్కాయన మాత్రం ఏమైందని అడిగాడు. మోకాలి కింద ఎముకలో గడ్డ లేస్తే ఆ ముక్క కోసేసి ఉక్కు కీలు వేశారని చెప్పాను. ఉక్కు అనగానే వేలితో తట్టి చూడబోయాడు. నీలాంటివాళ్ళు అన్ని చోట్లా ఉంటారని అర్థమైంది.

ఈ సంగతులు ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోను పట్టుకుంటే మా అత్త పక్కన చేరి, నువ్వు అడిగినదానికి నాకన్నా ముందు తనే జవాబు చెప్తుంది. అందుకని రాస్తున్నాను. పాల వ్యాను రోజూ మీ ఫ్యాక్టరీ గేటు ముందు నుంచే వెళ్తుంది. డ్రైవరు ఉత్తరాలు ఇచ్చి పుచ్చుకుంటానన్నాడు.

నేను కర్ర పట్టుకుని గేటు నుంచి నడిచి వస్తుంటే అత్త గుమ్మంలో నిలబడి చూసింది. ఇన్ని నెలలు పట్నంలో ఉన్నది ఉన్న నడక పోగొట్టుకోవడానికా అంది. ఆ తర్వాత లోపలికి వెళ్ళి నా మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టించింది, లేవడానికి వీలుగా ఉండాలని. ఆవిడ నోటికీ చేతికీ మాటల్లేవు. ఒకటి చేసేది రెండోదానికి తెలియదు.

ఇక అసలు సంగతి. మిగతా ఆవులు ఎవరు కూర్చున్నా పాలిస్తాయి. నేరేడు అలా కాదు. రంగు నేరేడు పండుది, బుద్ధి మా అత్తది. మొదటి ఈత నుంచీ నా చేతికి తప్ప ఎవరికీ చేపలేదు, చుక్క పాలు వదల్లేదు. నేను ఆసుపత్రిలో ఉండగా మా ఆయన పితకబోతే ఒక్క తన్నుతో ఆయన్నీ బకెట్టునీ చెరో పక్కకి పంపిందట. ఇప్పుడు నిండు చూడి. వానలు తగ్గేసరికి ఈనుతుంది. ఈనాక నేను కూర్చుని పితకగలిగితే ఉంచుదామని, లేకపోతే పశువుల బేరగాడికి ఇచ్చేద్దామని మా ఆయన అన్నాడు. పాలివ్వని ఆవుని ఊరికే కట్టేసి మేపలేంగా అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. అందుకే నాకు కోపం వచ్చింది.

పొదుగు కింద గొంతుక్కూర్చోవాలంటే రెండు మోకాళ్ళూ పూర్తిగా మడవాలి. నా ఎడమ మోకాలికి ఆ పని వచ్చు. కుడిది కుర్చీలో కూర్చున్నంత వరకే వంగుతుందని, అంతకు మించి వంచొద్దని డాక్టరు చెప్పినప్పుడు నువ్వూ అక్కడే ఉన్నావు. అయినా ఏదో ఒక దారి చూస్తాను. అన్నయ్యకి ఇవన్నీ చెప్పకు.

నీ వంట ఎలా ఉందని ఇక్కడ అందరూ అడిగారు. బతికి వచ్చాను కదా అన్నాను.

నీ ఆడపడుచు


పట్నం,
మూడో అంతస్తు

ఉక్కు మోకాలి గారికి,

నా వంట తిని నువ్వు ఎంత బరువెక్కావో ఆసుపత్రి తూకం యంత్రానికి తెలుసు. సాక్షిగా దాన్ని పిలిపిస్తాను.

నువ్వు వదిలి వెళ్ళిన వాకరు వరండాలో ఉంది. మీ అన్నయ్య దానిమీద తడి చొక్కాలు ఆరేస్తున్నాడు. ఎత్తు సరిగ్గా సరిపోయిందట. కింది అంతస్తు ముసలాయన మెట్ల దగ్గర నన్ను ఆపి, పైన చప్పుడు ఆగిపోయిందేం, మీ మరదలు వెళ్ళిపోయిందా అని అడిగాడు. ఇన్నాళ్ళూ ఆ చప్పుడుకి నిద్ర పట్టట్లేదని తగువు పెట్టుకున్నది ఆయనే. ఇప్పుడు చప్పుడు లేక నిద్ర పట్టట్లేదని తగువుకి వస్తాడేమోనని చూస్తున్నాను.

ఆవు సంగతి చదివాను. డాక్టరు చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నానని నువ్వే రాశావు కాబట్టి ఆయన మాట ఇంకోసారి గుర్తు చేస్తాను. కింద కూర్చోవద్దు, గొంతుక్కూర్చోవద్దు, గెంతొద్దు, బరువులు ఎత్తొద్దు అన్నాడు. ఆవు దగ్గర కూర్చోవచ్చా అని నువ్వు అడగలేదు. ఏం చెప్తాడో తెలుసు కాబట్టే అడగలేదు. నాకు కళ్ళున్నాయి.

మా ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీ అవుతోంది. ఎత్తు కుర్చీ, కాలు చాపుకోవడానికి చోటుంది. సూపర్‌వైజరుతో నీ గురించి మాట్లాడాను. కాలర్ల లైనులో నేను, గుండీల బల్ల దగ్గర నువ్వు. పొద్దున కలిసి వెళ్ళి సాయంత్రం కలిసి వద్దాం. చొక్కాలు తన్నవు. మీ ఆయన కూడా ఇక్కడే ఏదో ఒక పని చూసుకుంటాడు. నేరేడుని బేరగాడికి ఇచ్చేయండి. అత్తగారిని కూడా కొంటాడేమో అడిగి చూడు.

ఆసుపత్రిలో నీకు కాలి వ్యాయామం చేయించిన అమ్మాయి నిన్ను అడుగుతోంది. కాలు తిన్నగా పైకెత్తడం రోజూ చేస్తున్నావా, వంచడం ఒక్కటే చేస్తున్నావా అని. నీ గుణం ఆ అమ్మాయికి బాగా తెలిసింది.

వదిన


ఊరు,
కొట్టం ముందు

పట్నం వదినకి,

నీ కుర్చీ సంగతి అత్తకి చెప్పాను. కొడుకుని ఫ్యాక్టరీకి పంపి, కోడల్ని గుండీలకి పంపి, తను ఆవులతో కబుర్లు చెప్పుకుంటానంది. తనని కొనే మాట మాత్రం చెప్పలేదు. నాకు ఈ ఇంట్లో ఇంకా కొన్నాళ్ళు అన్నం తినాలని ఉంది.

మా ఆయన వడ్రంగి అయ్యాడు. ఎత్తు పీట మీద కూర్చుంటే మోకాలు మడవకుండానే పితకొచ్చు కదా అని నేను అన్నాను. పాత తలుపు చెక్కతో ఒక పీట చేశాడు. అది మరీ పొట్టి. కూర్చున్నాను గానీ లేవలేకపోయాను. రెండోది మరీ ఎత్తు. అక్కడ నుంచి చేతులు పొదుగు దాకా అందలేదు. అత్త చూసి, పాలు పితుకుతావా, ఆవుకి తల దువ్వుతావా అని అడిగింది. మూడోది కుదిరింది. ఆయన మూతి మాత్రం ముడుచుకునే ఉంది, బాగుందని నేను వెంటనే అననందుకు.

కూర్చోవడం ఒక ఎత్తు, కాలు ఎక్కడ పెట్టుకోవాలన్నది ఇంకో ఎత్తు. మామూలుగా ఆవుకి ఎడమ పక్కన కూర్చుంటాం. అలా కూర్చుంటే చాపిన నా కుడికాలు దాని వెనక కాళ్ళ కిందికి పోతుంది. అది ఒక్క అడుగు వేస్తే డాక్టరు కష్టమంతా వృథా. అందుకని కుడి పక్కకి మారాను. అప్పుడు కాలు ముందుకి, దాని పొట్ట కిందికి పోతుంది. పెద్దావు మీద అలవాటు చేసుకుంటున్నాను. అది మంచిది, ఏ పక్క కూర్చున్నా పట్టించుకోదు. అరచేతి కింద పాలు జారుతుంటే ఎంత కాలమైందో అనిపించింది. వేళ్ళు మాత్రం ఏమీ మర్చిపోలేదు.

నడక కూడా మెరుగుపడింది. గేటు దాకా కర్రతో వెళ్ళి వస్తున్నాను. వ్యాయామం అమ్మాయికి చెప్పు, ఎత్తడం, వంచడం రెండూ చేస్తున్నానని. నొప్పి లేదు. పడలేదు. అంతా బాగుంది.

నేరేడు పొదుగు దించుతోంది. ఇవాళో రేపో ఈనుతుంది.

నీ ఆడపడుచు


పట్నం,
ఫ్యాక్టరీ గేటు, టీ విరామం

అమ్మాయ్,

పడ్డావా అని నేను అడగలేదు. పడలేదని నువ్వెందుకు రాశావు?

మీ వ్యాను డ్రైవరుని టీ తాగమని కూర్చోబెట్టాను. ఒక టీకి సగం, రెండో టీకి మొత్తం చెప్పాడు. కొట్టంలో కింద కూర్చోబోయి పడ్డావట. మీ ఆయన లేపాడట. అది జరిగి పది రోజులు దాటిందట. అంటే పీటల కథ అంతా నాకు రాసేటప్పటికే నువ్వు పడి లేచి ఉన్నావు. పీట ఎవరి బుర్రలో పుట్టిందో, ఎందుకు పుట్టిందో ఇప్పుడు తెలిసింది.

ఆపరేషన్ రోజు మీ అన్నయ్య గది బయట గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తలుపు తెరిచేదాకా కదల్లేదు. ఆయనకి ఈ సంగతి చెప్పే ధైర్యం నాకు లేదు. నువ్వే చెప్పుకో.

ఎక్స్‌రే తీయించావా? అది మాత్రం నిజం రాయి. సూపర్‌వైజరుకి ఒకటో తారీఖు నుంచి వస్తావని చెప్పేశాను.

వదిన


ఊరు,
కొట్టం పక్క గది

వదినకి,

ఎక్స్‌రే తీయించాను. పక్క ఊరి ఆసుపత్రిలో తీసి పట్నం డాక్టరుకి పంపారు. ఉక్కు దాని చోట అది ఉందని, ఎముక కూడా బాగుందని చెప్పాడు. ఇది నిజం. కాగితం కావాలంటే పంపిస్తాను.

జరిగింది ఇది. రోజూ బల్ల మీద కూర్చుని కాలు వంచుతుంటే కొద్దికొద్దిగా వంగుతోంది కదా, ఇంకొంచెం వంగితే చాలనిపించింది. కొట్టంలో ఎవరూ లేనప్పుడు కట్టుకొయ్య పట్టుకుని కిందికి దిగాను. సగంలో మోకాలు ఆగిపోయింది. నేను ఆగలేదు. పేడలో కూర్చున్నాను. నొప్పి కన్నా, ఎలా లేవాలో తెలియకపోవడం ఎక్కువ బాధ పెట్టింది. పిలిస్తే ముందు అత్త వచ్చింది. నన్ను లేపడం తన వల్ల కాదని చూసుకుని, తను కూడా పక్కన పేడలోనే కూర్చుంది. మా ఆయన వచ్చేసరికి ఇద్దరం అలాగే ఉన్నాం. నన్ను లేపాక ఆవిడని కూడా లేపాల్సి వచ్చింది.

అన్నయ్యకి నేనే ఫోను చేస్తాను.

నీ కుర్చీ మంచిదే వదినా. కానీ పట్నంలో నేను మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అందరూ నాకు చేసిపెట్టారు. ఇక్కడికి వచ్చాక కూడా అదే. మంచం ఎత్తు చేశారు, నీళ్ళు దగ్గర పెట్టారు. నేను లేకపోతే ఆగిపోయే పని ఈ ఇంట్లో ఒక్కటే ఉంది. దానికి నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు.

ఆ పని కూడా ఆగే ఉంది. నేరేడు ఈనింది. పెయ్య దూడ, తల్లి రంగే. జున్నుపాలు వెళ్ళేదాకా దూడకే వదిలేశాం. తర్వాత నేను బకెట్టు తీసుకుని వెళ్ళి పీట వేసుకుని కుడి పక్కన కూర్చున్నాను. కాలు సరిగ్గానే పెట్టుకున్నాను. మోకాలు తన వంతు చేసింది. ఆవు చెయ్యలేదు. దూడ తాగుతుంటే చేపుతుంది, దూడని లాగి నేను చెయ్యి వేయగానే పాలు పైకి లాక్కుంటుంది. తన్నలేదు గానీ, తల తిప్పి నా వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. పక్క మారినందుకేమో అనుకున్నాను. ఇటు కూర్చుని చూశాను, అటు కూర్చుని చూశాను. అంతే.

అత్త చెప్పింది సంగతి. ఇదివరకు నేను గేటు దగ్గర నుంచి నడిచి వస్తుంటేనే దాని పొదుగు నుంచి బొట్లు కారేవట. నాకు తెలియదు, నేను ఎప్పుడూ వచ్చేదాన్నే గానీ ముందే వచ్చి చూసిందాన్ని కాదు. "నీ మొహాన్ని చూసి పాలివ్వలేదే అది. నీ అడుగుల్ని బట్టి ఇచ్చేది. ఇప్పుడొచ్చే అడుగులు ఎవరివో దానికేం తెలుసు?" అంది.

నా పాత నడక నీకు తెలుసుగా. అన్నయ్య దాన్ని వడగళ్ళు పడ్డట్టుందనేవాడు. ఇప్పుడు ముందు కర్ర టక్కుమంటుంది, తర్వాత ఎడమకాలు పడుతుంది, కుడికాలు నేలని రాసుకుంటూ వస్తుంది. మొదట కర్ర వదిలేసి పాత నడక నడిచి చూపిద్దామనుకున్నాను. కాలు మాట వినలేదు. అత్త చూసి, దొంగతనానికి వెళ్తున్నావా అంది.

ఇక ఒకటే దారి. అది కొత్త నడక నేర్చుకోవాలి. పొద్దున, సాయంత్రం గేటు నుంచి కొట్టం దాకా నడుస్తున్నాను. వెళ్ళి తవుడు పెట్టి, దువ్వి, వచ్చేస్తున్నాను. సంత రోజున బేరగాడు మా ఊరు వస్తాడు. అప్పటిదాకా గడువు ఇచ్చాడు మా ఆయన.

అబద్ధం రాసినందుకు తిట్టు. కుర్చీ మాత్రం ఒకటో తారీఖుకి ఉంచకు.

నీ ఆడపడుచు


పట్నం,
మూడో అంతస్తు

పేడలో కూర్చున్న మహారాణికి,

తిడదామనే కాగితం తీశాను. అత్తగారు పక్కన కూర్చున్న చోటు చదివాక తిట్లు మర్చిపోయాను. మీ ఇద్దరినీ లేపిన మీ ఆయన నడుము ఎలా ఉందో రాయలేదు.

కుర్చీ ఇంకో అమ్మాయికి ఇచ్చారు. గుండీలు చక్కగానే కుడుతోంది, కానీ జోకులు అర్థం కావు. నీ కోసం కుర్చీ చూశానని రాశాను గానీ, మొత్తం నీ కోసమే కాదు. మీ అన్నయ్య సంగతి నీకు తెలుసు. వారం మొత్తానికి సరిపడా మాటలు ఆదివారం పొద్దున మాట్లాడేసి చేతులు కడుక్కుంటాడు. నువ్వున్నన్నాళ్ళూ ఇంటికి రాగానే ఎవరో ఒకరితో దెబ్బలాడేదాన్ని. ఇప్పుడు వాకరుతో దెబ్బలాడుతున్నాను. చొక్కాలు వేసుకుని నిలబడి వింటోంది, జవాబు చెప్పదు.

ఇక చాలు. ఆవు నీ నడక నేర్చుకుందో లేదో రాయి. బళ్ళో నీకన్నా తొందరగా నేర్చుకుంటుందని నా నమ్మకం.

వ్యాయామం అమ్మాయి, కర్ర కింద రబ్బరు అరిగిపోయి ఉంటుంది, అలాగే వాడితే జారుతుంది అంది. కొత్తది కొని డ్రైవరు చేత పంపుతున్నాను. మెత్తటిది, మంచి రకం. ఇదైనా బుద్ధిగా వాడు.

వదిన


ఊరు,
కొట్టం ముందు

పట్నం వదినకి,

నువ్వు నా మేలు కోరి చేసిన పని వల్ల ఆవు చేజారిపోయేది. ముందు అది చెప్పి తర్వాత మిగతాది చెప్తాను.

నీ రబ్బరు రాకముందే నేరేడు దారిలోకి వచ్చింది. ఒకరోజు నేను గేటు దాటగానే చెవులు ఇటు తిప్పింది. ఇంకో రెండు రోజులకి కొంచెం చేపింది, చెంబుడు పాలు. సంతకి ముందు రోజు సగం బకెట్టు ఇచ్చింది. మా ఆయన చూసి, ఆ పూట పీట కడిగి ఎండలో పెట్టాడు.

ఆ సాయంత్రమే నీ రబ్బరు వచ్చింది. వదిన పంపిందని ముచ్చటపడి అప్పుడే కర్రకి తొడిగాను.

మర్నాడు పొద్దున్నే బేరగాడు వచ్చాడు. ఆవు చుట్టూ తిరిగాడు, పళ్ళు చూశాడు. పాలు చూడాలన్నాడు. నేను గేటు దగ్గర నుంచి బకెట్టు పట్టుకుని వెళ్ళాను. చెవి తిప్పలేదు. కూర్చుని చెయ్యి వేస్తే ఈసారి తన్నింది కూడా. బకెట్టు దొర్లింది. కాలు నాకు తగల్లేదు, కంగారు పడకు. బేరగాడు నవ్వి ధర తగ్గించి చెప్పాడు. మా ఆయన నా వైపు చూసి పలుపు విప్పడానికి వంగాడు.

నాకు ఏమీ తోచలేదు. లేచి వెనక్కి గేటు దాకా నడిచాను, ఏడుపు వస్తే అక్కడ ఏడుద్దామని. నడుస్తుంటే తెలిసింది. నా నడక నాకే వినపడలేదు. కర్ర పిల్లి అడుగులు వేస్తోంది.

రబ్బరు ఊడబెరికాను. కొత్తది కదా, చేత్తో రాలేదు, పళ్ళతో లాగాను. మా ఆయన చూసి, నేల తడిగా ఉంది, కర్ర జారుతుందని అరిచాడు. అత్త మాత్రం చేటలో పొయ్యి బూడిద తెచ్చి గేటు నుంచి కొట్టం దాకా పరుచుకుంటూ పోయింది. అంతసేపూ నన్ను తిడుతూనే ఉంది.

బూడిద మీద నడిచాను. కొట్టం ముందు పరిచిన రాళ్ళ మీదికి వచ్చేసరికి కర్ర టక్కుమంది. నేరేడు చెవులు ఇటు తిరిగాయి. కుడికాలు ఈడ్చుకుంటూ కొట్టంలోకి వచ్చేసరికి పొదుగు నుంచి ధార దానంతట అదే కారుతోంది. వదినా, నేను ఆ కాలికి ఎన్ని పేర్లు పెట్టానో నీకు తెలుసు. ఆ పూట ఒక్కటీ గుర్తు రాలేదు.

బకెట్టు నిండాక బేరగాడు, "దీన్ని కొంటే ఆ కర్రనీ, ఈ మనిషినీ కూడా కలిపి కొనాలి" అన్నాడు.

"ఆ బేరం కుదరదు" అన్నాడు మా ఆయన. పలుపు మళ్ళీ ముడేశాడు.

నీ రబ్బరు దాచాను. బజారుకి వెళ్ళేటప్పుడు వాడతాను. అక్కడ నన్ను ఎవరూ గుర్తుపట్టక్కర్లేదు.

నీ ఆడపడుచు


పట్నం,
మూడో అంతస్తు

ఆవుల పంతులమ్మకి,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. పళ్ళతో లాగిన చోట నవ్వాడు. బుధవారం నాడు. మా ఇంట్లో ఇది విశేషం.

రబ్బరు పంపినందుకు నేరేడుకి నా క్షమాపణ చెప్పు. నీకు చెప్పను, నువ్వు పది రోజుల అబద్ధం బాకీ ఉన్నావు.

వచ్చే సోమవారం నీ పరీక్ష. కాలికీ, ఛాతీకీ ఎక్స్‌రేలు తీస్తారు, రిపోర్టు మంగళవారం ఇస్తారు. అంటే రాత్రి మా ఇంట్లో ఉండాలి. వాకరు మీద చొక్కాలు తీసేయమని చెప్పాను. వంట నేనే చేస్తాను, తప్పించుకోలేవు.

నువ్వు ఇక్కడుంటే అక్కడ ఆ మహాతల్లికి పాలు పితికేదెవరు? ఏర్పాటు చేసుకునే రా. ఆవు సాకు చెప్పి పరీక్ష మానేస్తావని నాకు అనుమానం.

వదిన


ఊరు,
గేటు దగ్గర

వదినకి,

మానేద్దామనే అనుకున్నాను. నువ్వు కనిపెట్టేస్తావని తెలిసి మానుకున్నాను. ఆ గడ్డ మళ్ళీ రావచ్చని మొదటిరోజే డాక్టరు చెప్పిన మాట, పగలంతా పనిలో పడి మర్చిపోతాను. సోమవారం అని నువ్వు రాశాక కాలు ఊరికే తడుముకుంటున్నాను. నొప్పేమీ లేదు. నిజంగానే లేదు. ఫలితం చెప్పేటప్పుడు నువ్వు పక్కన కూర్చో, ఏమీ మాట్లాడకు. నీకు కష్టమే.

పితకడం ఏర్పాటు అయింది. మా ఆయనకే ఒప్పజెప్పాను. నిన్నటి నుంచి నా కర్ర ఎడమచేత్తో పట్టుకుని గేటు నుంచి కొట్టం దాకా నాలా నడవడం నేర్చుకుంటున్నాడు. అత్త గుమ్మంలో నిలబడి దిద్దుతోంది. కర్ర ముందు, ఎడమకాలు తర్వాత, కుడికాలు ఎత్తకు, ఈడ్చు అంటుంది. ఆయన ఒకసారి ఎడమకాలు ఈడ్చి తిట్లు తిన్నాడు. డ్రైవరు వ్యాను ఆపి చూసి, మీకు ఏ డాక్టరు ఆపరేషన్ చేశాడని అడిగాడు. రేపటికి ఊరంతా తెలుస్తుంది.

ఇవాళ సాయంత్రం ఆయన బకెట్టుతో అలాగే నడిచి వెళ్ళాడు. నేను గేటు దగ్గర బల్ల మీద కూర్చుని చూశాను. నేరేడు తల తిప్పింది. కాసేపు అనుమానంగా నిలబడింది. తర్వాత చేపింది. బకెట్టులో ధార పడే చప్పుడు నాకు గేటు దాకా వినిపించింది.

వదినా, నా నడక ఎలా ఉంటుందో నేను ఇప్పటిదాకా చూడలేదు. మీ వరండాలో అద్దం ఉన్న చోటికి వస్తే మొహం తిప్పుకునేదాన్ని. ఇవాళ మొదటిసారి బయటనుంచి చూశాను. నువ్వు వెక్కిరించినంత ఘోరంగా ఏమీ లేదు. కొంచెం ఒక పక్కకి ఒరుగుతుంది, అంతే. మనిషి మాత్రం అనుకున్న చోటికి చేరుతోంది.

సోమవారం పొద్దున బస్సుకి వస్తున్నాను.

నీ ఆడపడుచు